తోడెవరైనా ఉన్నారా?

"మీకు తెలిసినవాళ్లెవరైనా ఆ వారంలో అమెరికా వెళ్తున్నారా అండీ? మా అమ్మకి తోడు కావాలి."

ఈ మాట ఫోనులో వినని ఇల్లు చిక్కడపల్లిలోగాని, నారాయణగూడలోగాని, అశోక్‌నగర్‌లోగాని ఉందంటే నేను నమ్మను. కూతురికి ఏడో నెల రాగానే వెతుకులాట మొదలు. గుళ్లో కనిపించినవాళ్లనీ, కూరల బండి దగ్గర కలిసినవాళ్లనీ, బాంకు గుమాస్తానీ అడగడమే. పెళ్లిసంబంధాలకైనా ఇంత ఆరా తీయం. "పక్క వీధిలో ఒకావిడ వెళ్తోందిట. ఇంగ్లీషు వచ్చునుట. కాకపోతే ఆవిడది చికాగో, మీది డల్లాసు" అంటారు. "పోన్లెండి, సగందూరమైనా తోడేగా!" అని సంతోషిస్తాం.

సముద్రం దాటడానికి తోడు వెతుక్కోవడం మన కాలంలో వచ్చిన అలవాటు కాదు. దీనికి రెండువందల ఏళ్ల పైబడ్డ చరిత్ర ఉంది. అందులో అన్నిటికంటే నా మనసు పట్టుకున్న కథ మన కోఠీలోనే మొదలైంది.

కోఠీ అంటే మనకి సుల్తాన్ బజారు, చీరలు, గాజులు, పాత పుస్తకాలు. అసలు ఆ పేరు వచ్చింది మాత్రం బ్రిటిష్ రెసిడెంటు కోఠీ నుంచి. ఎదురుగా ఆరు పెద్ద స్తంభాలూ, మెట్లకి అటూ ఇటూ సింహాలూ ఉన్న ఆ భవనం. దాన్ని కట్టించినవాడు జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్, 1798 నుంచి 1805 దాకా నిజాం దర్బారులో ఇంగ్లీషు కంపెనీ తరఫు రెసిడెంటు. 1949లో ఆ భవనంలోకి ఉస్మానియా మహిళా కళాశాల వచ్చింది. ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం. 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. నేనూ, మా నేస్తమూ బి.ఏ. చదివింది అక్కడే. మేం చదివేరోజుల్లో వెనక తోటలో ఆ భవనానిదే చిన్న నమూనా ఒకటి, సగం కూలిపోయి, గడ్డిలో ఉండేది. ఘోషాలో ఉండే బేగంగారు ముందువైపుకి వచ్చి తన ఇల్లు చూసుకోలేదు గనక దొరగారు బొమ్మ ఇల్లు కట్టించి చూపించాడని చెప్పుకునేవాళ్లు. మేం దాని దగ్గర కూచుని కారియర్లు విప్పుకుని పులిహోర తినేవాళ్లం. చరిత్ర అంటే అప్పట్లో మాకు అంతవరకే!

ఆ బేగం పేరు ఖైరున్నీసా. గొప్ప సయ్యదుల ఇంటి పిల్ల. కిర్క్‌పాట్రిక్‌ని మనసుపడి పెళ్లాడింది. ఆయనా మన ఊరి దుస్తులు కట్టి, ఫారసీ మాట్లాడి, హష్మత్ జంగ్ అనిపించుకున్నవాడే. ఇద్దరు పిల్లలు. 1801లో పుట్టిన పిల్లాడు సాహిబ్ ఆలం, 1802లో పుట్టిన ఆడపిల్ల సాహిబ్ బేగం.

ఇంతవరకూ ముచ్చటే. కానీ ఆ రోజుల్లో కంపెనీవాళ్లు ఒక నియమం పెట్టుకున్నారు. ఇండియన్ తల్లికి పుట్టిన కొడుకులకి కంపెనీలో పెద్ద ఉద్యోగాలు ఇవ్వరు. 1790ల మొదట్లో వచ్చిన ఈ నియమంతో, పిల్లలకి మంచి బతుకు కావాలంటే పసితనంలోనే ఇంగ్లండు పంపి అక్కడి పిల్లల్లా పెంచాలనేది ఆ తండ్రులందరి ఆలోచన అయింది. కిర్క్‌పాట్రిక్‌దీ అంతే. తల్లి ఆలోచన ఏమిటో ఎవరడిగారు?

1805లో పిల్లలిద్దర్నీ మద్రాసు పంపారు. పిల్లాడికి నాలుగేళ్లు, పిల్లకి మూడు. అక్కడ జార్జి చినరీ అనే చిత్రకారుడు వాళ్లిద్దరి బొమ్మ వేశాడు. జరీ అంగరఖాలూ, టోపీలూ, ముత్యాలూ వేసుకుని మెట్లమీద నించున్న బొమ్మ. ఆ బొమ్మ చూసినవాళ్లెవరికైనా ఆ చిన్నపిల్ల కళ్లు మర్చిపోవడం కష్టం. సెప్టెంబరులో 'లార్డ్ హాక్స్‌బరీ' అనే ఓడ ఎక్కారు. సూయజ్ కాలవ ఇంకా లేదు. ఆఫ్రికా కింద నుంచి చుట్టి వెళ్లాలి. సుమారు ఐదు నెలలు పట్టింది.

మరి అంత చిన్నపిల్లలకి తోడెవరు? రెసిడెన్సీ డాక్టరుగారి భార్య, మిసెస్ యూర్. ఆవిడ తన పసిబిడ్డతో స్వదేశం వెళ్తోంది. "మీరు వెళ్తున్నారుగా, మా పిల్లల్ని కాస్త చూసుకోండి" అని అప్పగించారన్నమాట. మన ఫోను ప్రశ్నకి ముత్తవ్వ అదే.

ఓడ కదిలిన కొన్నాళ్లకే తండ్రి కలకత్తాలో పోయాడు. అక్టోబరు 15, 1805. పిల్లలు ఇంగ్లండు చేరాక పేర్లు మారిపోయాయి. విలియం జార్జి, కేథరిన్ అరోరా. అందరూ కిట్టీ అని పిలిచేవారు. కెంట్‌లో తాతగారింట్లో పెరిగారు. ఖైరున్నీసా భర్త సమాధి చూడ్డానికి కలకత్తా వెళ్లింది. తర్వాత నానా మాటలూ పడి, కొన్నాళ్లు మచిలీపట్నంలో ఊరికాని ఊళ్లో తలదాచుకుంది. చివరికి హైదరాబాదు చేరి 1813లో కన్ను మూసింది. అప్పటికి ముప్ఫై నిండలేదు. పిల్లల్ని మళ్లీ చూడలేదు.

ఈ కథ ఇక్కడ ఆపి, మిగతాది తర్వాత చెప్తాను.

కోఠీ నుంచి తర్వాత సముద్రం దాటినవాళ్లలో ఆడవాళ్లు తమంతట తాము, చదువు కోసం వెళ్లినవాళ్లు కనిపిస్తారు. అప్పటికి సూయజ్ కాలవ వచ్చింది (1869), ఆవిరి ఓడలు వచ్చాయి, ఐదు నెలల ప్రయాణం మూడు నాలుగు వారాలకి దిగింది. మద్రాసు నుంచి వెళ్లొచ్చిన మన తెలుగావిడ పోతం జానకమ్మగారు ఇంగ్లండు విశేషాలు తెలుగులో రాసి, తనే ఇంగ్లీషులోకి మార్చి 1876లో పుస్తకం వేయించారు. 1895లో పదహారేళ్ల సరోజిని, అప్పటికింకా నాయుడు కాదు, నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద లండను వెళ్లింది. పెద్దవాళ్లు పంపింది కొంత చదువుకీ, కొంత ఆ డాక్టరు నాయుడుగారిని మరిచిపోతుందనీ. ఆవిడ చదువు సగంలో వదిలేసి 1898లో తిరిగొచ్చి ఆయన్నే చేసుకుంది! సముద్రాల్ని నమ్ముకుని ప్రేమలు తెంపాలనుకునే తలిదండ్రులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. రెసిడెన్సీ ఆస్పత్రిలో క్లోరోఫారం ఇచ్చే పనిలో పేరు తెచ్చుకున్న పార్సీ డాక్టరమ్మ రూపాబాయి ఫర్దూంజీ, ఉద్యోగంలో ఇరవై ఏళ్లు గడిచాక, 1909లో ఎడింబరో వెళ్లి మళ్లీ విద్యార్థిని అయింది. ఆ ఆస్పత్రే ఇప్పటి సుల్తాన్ బజారు ఆస్పత్రి. కోఠీ వెళ్లినప్పుడల్లా దానిముందు నుంచే నడుస్తాం.

ఇక విమానాలు. మొదట్లో విమాన ప్రయాణమంటే ఒక్క విమానం కాదండోయ్. 1929 మార్చి 30న లండను నుంచి కరాచీకి సర్వీసు మొదలైంది. ఒక విమానంలో స్విట్జర్లాండు దాకా, అక్కణ్ణించి రైల్లో ఇటలీ, అక్కడ నీటిమీద వాలే విమానంలో ఈజిప్టు, మళ్లీ ఇంకో విమానంలో కరాచీ. ఏడు రోజులు. చీకటిపడితే దిగి హోటల్లో పడక. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి ఉత్తరాల సంచీతో ఎగిరాడు. ఆ ఉత్తరాలే ఇంకో పైలటు బళ్లారి మీదుగా మద్రాసు చేర్చాడు. 1945లో నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి దక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. బేగంపేట దానికి పుట్టిల్లు. 1953లో దాన్నీ మరో ఏడు కంపెనీల్నీ కలిపి ప్రభుత్వం ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేసింది. అంతకుముందు 1949లో మొదలైన రాత్రి టపా విమానాల సంగతి నాకు భలే ఇష్టం. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, నాలుగు ఊళ్ల నుంచీ నాలుగు విమానాలు అర్ధరాత్రికి నాగపూరు చేరేవి. ఉత్తరాలూ, మనుషులూ ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి మారి, తెల్లారేసరికి ఎవరి ఊరు వాళ్లు. బస్టాండులో బస్సు మారినట్టే!

1948 జూన్ 8న బొంబాయి నుంచి కైరో, జెనీవా మీదుగా లండనుకి ఎయిరిండియా మొదటి విమానం వెళ్లింది. 1960 మే 14న న్యూయార్కు దాకా సాగింది. దారి పడింది గాని మన ఆడవాళ్లకి అందులో పనేముంది? పని 1965లో వచ్చింది. ఆ ఏడు అమెరికా తన వలస చట్టం మార్చి, దేశాన్ని బట్టి కాక చదువునీ, బంధుత్వాన్నీ బట్టి మనుషుల్ని రానిస్తామంది. డాక్టర్లు కావాలి వాళ్లకి. కోఠీలోనే ఉన్న ఉస్మానియా మెడికల్ కాలేజీలో చదివిన కుర్రాళ్లు, అమ్మాయిలు ఏడాదికేడాది వెళ్లిపోయారు. తర్వాత ఇంజనీర్లు, ఆ తర్వాత కంప్యూటరు వాళ్లు. 1977 నాటికి అక్కడ తానా పెట్టుకునేంతమంది అయ్యారు. పిల్లలు వెళ్లాక పెళ్లిళ్లు, పెళ్లిళ్లయ్యాక పురుళ్లు. పురుడంటే అమ్మ ఉండాలి. అక్కడ పురిటికి పనిమనిషి దొరకదు, పథ్యం వండేవాళ్లుండరు, అల్లుడికి వారం సెలవు. అదిగో, అప్పుడు మనం విమానం ఎక్కాం. ఏ చరిత్ర పుస్తకమూ ఇది రాయదు గానీ, అమెరికాలో తెలుగువాళ్ల సంసారాలు నిలదొక్కుకున్నాయంటే ఆర్నెల్ల వీసా మీద వెళ్లి వంటింట్లో నించున్న అమ్మల పుణ్యం అందులో చాలా ఉంది.

అప్పట్లో వీసాకి మద్రాసు వెళ్లాలి. హైదరాబాదులో అమెరికా కాన్సలేటు 2008లోగాని రాలేదు. అది మొదట బేగంపేట పైగా పాలెస్‌లో ఉండి 2023లో నానక్‌రామ్‌గూడ వెళ్లింది. రాత్రి రైలెక్కి, తెల్లారి స్టేషన్లో మొహం కడుక్కుని, ఇంటి కాగితాలూ, బాంకు పుస్తకాలూ గుండెలకి హత్తుకుని వరసలో నించోవడం. "తిరిగొస్తారని నమ్మకమేమిటి?" అని అడిగేవారు. ఇల్లూ, వాకిలీ, మొగుడూ ఇక్కడుంటే రాక ఎక్కడికి పోతామయ్యా!

1996 మేలో మా నేస్తమూ నేనూ కలిసి బయల్దేరాం. నాది మా అబ్బాయి పట్టా పుచ్చుకునే వేడుక. తనది కూతురి పురుడు. మాకు తోడు వెతుక్కోవాల్సిన అవసరం లేకపోయింది. ఒకరికొకరం. ఇద్దరం బి.ఏ.లమే, ఇద్దరికీ ఇంగ్లీషు చదవడం వచ్చు, మాట్లాడ్డమే రాదు. తలా రెండు పెట్టెలు, ఒక్కో పెట్టె 32 కిలోలు. పెట్టెలు సుల్తాన్ బజార్లో కొన్నాం, స్వెట్టర్లు అంతకుముందు చలికాలంలోనే కోఠీలో టిబెటన్ల దగ్గర బేరమాడి ఉంచాం. తూకం మాత్రం వీధిచివర కిరాణా కొట్టు కాటా మీద. కొట్టతను ఆవకాయ జాడీ తీయించి, కారప్పొడి పెట్టించి, ముల్లు సరిగ్గా నిలబెట్టాడు.

కాన్పుకి ఇంకా రెండువారాలుంది అనుకున్నాం. బయల్దేరేనాటి పొద్దున్న అల్లుడి ఫోను. నొప్పులు మొదలయ్యాయి, ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం, రక్తపోటు ఎక్కువగా ఉందంటున్నారు. అంతే, లైను తెగిపోయింది. మళ్లీ కలవలేదు. బేగంపేటకి వెళ్లే వేళయింది.

ఆ తర్వాత గడిచిన ముప్ఫై నాలుగు గంటలు నాకిప్పటికీ గంటల లెక్కన గుర్తున్నాయి. బేగంపేట నుంచి బొంబాయి, గంటంపావు. అక్కడ శాంటాక్రజ్‌లో దిగి, పెట్టెలన్నీ టాక్సీలో వేసుకుని సహార్‌కి పరుగు. విమానం అర్ధరాత్రి దాటాక. ఎస్టీడీ బూతు కనిపించింది. డెట్రాయిట్‌లో ఇంటికి ఫోను చేస్తే మోగి మోగి, "మేం ఇంట్లో లేము, చెప్పదల్చింది చెప్పండి" అని అల్లుడి గొంతు. యంత్రం. మా నేస్తం దానికి జవాబు చెప్తోంది: "నాయనా, ఎలా ఉంది? ఎలా ఉందో చెప్పు!" అది 'కుయ్' మని ఆగిపోయింది. బూతు కుర్రాడు డబ్బు తీసుకోనన్నాడు.

రెండో విమానం ఫ్రాంక్‌ఫర్టుకి. తినలేదు, పడుకోలేదు, మాట్లాడలేదు. నేనే ఏదో ఒకటి మాట్లాడాలని కాలేజీ సంగతులు ఎత్తాను. లెక్చరర్ల నడకలు, క్యాంటీను సమోసాలు, తోటలో బొమ్మ ఇల్లు. అలా అలా ఖైరున్నీసా దగ్గరికి వెళ్లింది మాట. పిల్లల్ని ఓడెక్కించడం దాకా చెప్పాను. అది కిటికీ వైపు తిరిగే ఉంది, వింటోందనుకోలేదు.

"తర్వాత చూసిందా వాళ్లమ్మ పిల్లల్ని?" అంది.

ఏం చెప్పను? అటూ ఇటూ చూసి, "వెళ్లి కలుసుకుందనే అంటారు" అన్నాను. చరిత్రని మార్చాల్సొస్తే అలాంటప్పుడే మార్చాలి.

"అబద్ధాలాడకే. ఆ రోజుల్లో ఎలా వెళ్తుంది?" అంది. అని, మొదటిసారి నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఏడిచాక కాస్త నిద్రపోయింది.

ఫ్రాంక్‌ఫర్టులో అటూ ఇటూ డ్రైవరు లేకుండా నడిచే రైలు. అందులో ఎక్కాలంటే ముందు కదిలే మెట్లు. చీర కుచ్చెళ్లు పట్టుకుని ఇద్దరం 'ఒకటి, రెండు, మూడు' అనుకుని ఒకేసారి కాలు పెట్టాం. ఫోను పెట్టె కనిపించింది గాని వాళ్ల మార్కులు మా దగ్గరెక్కడివి? మూడో విమానం చికాగోకి, ఇంకో తొమ్మిది గంటలు. ఎంత ఎగిరినా పగలే, పొద్దు గుంకదు. మా ఇద్దరి చేతి గడియారాలూ హైదరాబాదు టైములోనే ఉన్నాయి. మార్చబుద్ధి కాలేదు.

చికాగోలో పెట్టెలు తీసుకునే చోట ఒక చిన్న కుక్క, ఆకుపచ్చ చొక్కా తొడిగి ఉంది, వచ్చి మా నేస్తం చేతిసంచీ దగ్గర చతికిలబడింది. కదలదు. 1984 నుంచీ అమెరికా వ్యవసాయశాఖ వాళ్లు ఇలాంటి కుక్కలకి పళ్లూ, ఆకులూ వాసనపట్టడం నేర్పి విమానాశ్రయాల్లో తిప్పుతున్నారని తర్వాత తెలిసింది. సంచీలో ఏముందీ? తడిగుడ్డలో చుట్టిన కరివేపాకు. బాలింతకి కారప్పొడి కొట్టాలని ఇంటి చెట్టుది కోసుకొచ్చింది. ఆఫీసరమ్మ ఎర్రగా, పొడుగ్గా ఉంది. ఆకు తీసి పక్కన పడేసి, "ఎందుకొచ్చావు?" అని అడిగింది. మా నేస్తం నోట ఇంగ్లీషు రాలేదు. రెండు చేతులూ జోడించి ఒళ్లో బిడ్డని ఊపినట్టు ఊపి చూపించి, "డాటర్, హాస్పిటల్" అంది. ఆవిడ ఒక్క క్షణం చూసి, పెట్టెలు తెరవకుండానే సుద్దముక్కతో గీత గీసి, పొమ్మంది. ఆవకాయ బతికింది.

అక్కడ మా దారులు వేరయ్యాయి. తనది డెట్రాయిట్, నాది ఇంకో ఊరు. తనని తన గేటు దగ్గర కూచోబెట్టి, టిక్కెట్టు చేతిలో పెట్టి, నా విమానానికి పరిగెత్తాను. వెనక్కి చూస్తే అంత పెద్ద హాల్లో గళ్ల నేతచీర ఒక్కటి కనిపించింది. రెండోరోజు రాత్రిగాని ఫోను కలవలేదు. ఆడపిల్ల. ఆపరేషను చేశారు. తల్లీ పిల్లా క్షేమం. మేం మూడో విమానంలో ఉన్నప్పుడే పుట్టిందిట.

తర్వాత ప్రయాణాలు సులువయ్యాయి. 2008 మార్చిలో శంషాబాదు వచ్చింది, గల్ఫు మీదుగా ఒక్క మార్పుతో వెళ్లే దారులు పెరిగాయి. 2021 జనవరిలో హైదరాబాదు నుంచి నేరుగా చికాగోకి ఎయిరిండియా విమానం కూడా వేశారు, కొంతకాలం నడిచింది. కాన్పు గదిలోంచే ఫోనులో బొమ్మ చూపిస్తున్నారు. అయినా తోడు కోసం అడిగే ఫోన్లు ఆగలేదు. మొన్న కూడా వచ్చింది ఒకటి.

కిట్టీ కథలో మిగిలింది ఇప్పుడు చెప్తాను. 1996లో నాకది తెలీదు. 2002లో విలియం డాల్‌రింపుల్ పుస్తకం వచ్చాక తెలిసింది. కిట్టీ పెద్దదై, రచయిత కార్లైల్ మనసు కాస్త కలవరపెట్టి, ఒక సైనికోద్యోగిని పెళ్లాడి ఇంగ్లండులోనే స్థిరపడింది. అన్న 1828లో పోయాడు. చాలా ఏళ్లకి ఒక ఇంటికి చుట్టపుచూపుగా వెళ్తే, గోడమీద తమ చిన్నప్పటి బొమ్మ, ఆ జరీ అంగరఖాల బొమ్మ కనిపించి భోరుమంది. ఆ ఇల్లు హెన్రీ రసెల్‌ది. ఆమె తండ్రి కింద రెసిడెన్సీలో పనిచేసినవాడు, తర్వాత ఆమె తల్లిని మచిలీపట్నంలో వదిలేసినవాడూ ఆయనే. హైదరాబాదులో అమ్మమ్మ షరఫున్నీసా ఇంకా బతికే ఉందని తెలిసింది. 1841 నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. మనవరాలు తల వెంట్రుకలు కత్తిరించి పంపింది, అమ్మమ్మా పంపింది. ఆరేళ్లు నడిచాయి. 1847లో అమ్మమ్మ పోయింది. ఇద్దరూ కలుసుకోలేదు.

ఈ సంగతి చదివిన రోజునే అశోక్‌నగర్ వెళ్లి మా నేస్తానికి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఏ భాషలో రాసుకున్నారే?" అనడిగింది.

అమ్మమ్మ ఫారసీలో చెప్పి రాయించేది, మనవరాలు ఇంగ్లీషులో రాసేది, మధ్యలో రెసిడెన్సీలో పనిచేసే మాల్కం అనే దొర తర్జుమా చేసి పెట్టేవాడని చెప్పాను.

"అయితే నయమే, వాళ్లకో దొర ఉన్నాడు" అంది. అని లోపలికెళ్లి, డెట్రాయిట్ మనవరాలికి పుట్టినరోజు ఉత్తరం రాసి పెట్టుకున్న కవరు తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇది కాస్త ఇంగ్లీషులో రాసి పెట్టు. నీ దస్తూరీ బాగుంటుంది."